అనుమానం మీద పగార్ ఆపుతారా?

సాంచా కార్మిక మిత్రులారా,

భివండి తాలూకా పేరు పేపర్లో పడాలంటే ఒకప్పుడు నూలు ధర పెరగాలి, కరెంటు పోవాలి, లేదంటే ఏదో ఒక గోదాము కాలిపోవాలి. 2023 నుంచి ఇంకొకటి చేరింది. ఆ ఏడు డిసెంబరు 9న ఎన్‌ఐఏ వాళ్లు మహారాష్ట్ర, కర్ణాటకల్లో 44 చోట్ల సోదాలు చేసి 15 మందిని అరెస్టు చేశారు. అందులో మన తాలూకాలోని పడ్ఘా-బోరివలి వాళ్లు చాలామంది ఉన్నారు. వీళ్లు ఆ ఊరును 'విముక్త ప్రాంతం'గా ప్రకటించుకున్నారని, దానికి 'అల్ షామ్' అని పేరు పెట్టుకున్నారని, ముస్లిం యువకుల చేత ఐసిస్‌కు విధేయత ప్రమాణం చేయించి చేర్చుకుంటున్నారని ఎన్‌ఐఏ ప్రకటించింది. 2025 జూన్‌లో రాష్ట్ర ఏటీఎస్ మళ్లీ అక్కడే ఇళ్లు వెతికింది. ఆ నెలాఖరులో, ప్రధాన నిందితుడిగా చూపిన మనిషి విచారణ ఖైదీగా ఉండగానే ఢిల్లీ ఆస్పత్రిలో చనిపోయాడు. ఆయనకు 2002-03 ముంబై పేలుళ్ల కేసులో గతంలో పదేళ్ల శిక్ష పడిన మాట కూడా నిజమే. దాచాల్సిన పని లేదు.

ఆ కేసు కోర్టుది. పిస్తోలు, ఎయిర్ గన్నులు, కత్తులు, ఫోన్లు, నగదు దొరికాయని ఎన్‌ఐఏ చెప్పింది. సాక్ష్యం ఉంటే కోర్టు ముందు పెట్టాలి, నేరం రుజువైతే శిక్ష పడాలి. ఆ పదిహేను మంది తరఫున వకాల్తా పుచ్చుకోవడానికి ఈ పేజీలు వాడుకోవడం లేదు. పోలీసులు విలేఖరుల ముందు చెప్పిన మాట మన వాడల్లోకి, కార్ఖానాల్లోకి, చివరికి పగార్ పుస్తకాల్లోకి ఎలా దిగి వచ్చిందో, దాని మీద యూనియన్ ఏమంటున్నదో చెప్పడానికే రాస్తున్నాం.

మన వాడలో ఒక కార్ఖానా ఉంది. సేటు పరాయివాడేం కాదు, తెలుగువాడే. వాళ్ల నాన్న కరీంనగర్ జిల్లా నుంచి చేతిలో గుడ్డసంచితో వచ్చి, పదేళ్లు పరుల సాంచాలు నడిపి, తర్వాత ఎనిమిది సొంత సాంచాలు పెట్టుకున్న మనిషి. ఇప్పుడవి అరవై నాలుగు. 2025 జూన్‌లో సోదాల వార్త వచ్చిన వారంలోపే ఆ సేటు ఏడుగురు ముస్లిం కార్మికులను గేటు దగ్గరే ఆపి, "ఠాణా నుంచి చిట్టీ తెచ్చుకోండి, అప్పటిదాకా లోపలికి రావద్దు" అన్నాడు. ఐదుగురు ఉత్తరప్రదేశ్ వాళ్లు, ఇద్దరు బెంగాల్‌లోని మాల్దా వాళ్లు. ఒక్కరికీ పడ్ఘాతో సంబంధం లేదు. ఇద్దరికైతే పడ్ఘా ఏ వైపు ఉందో కూడా తెలియదు. ఠాణాకు పోతే అక్కడి హవల్దారు, మీ పేరు మీద ఏ కేసూ లేదు, చిట్టీ దేనికిచ్చేది అని తిప్పి పంపాడు. కేసు లేదన్న మాట కాగితం మీద లేదు గనుక సేటు వినలేదు. పదిహేను రోజుల పగార్ ఆగిపోయింది. ఖోలీ కిరాయి ఇవ్వాల్సిన రోజు దాటిపోయింది. వాళ్లు తినే భిశ్శీ నడిపేది మన పద్మనగర్ ఆడమనిషే. ఆమె పదకొండు రోజులు అప్పు మీద అన్నం పెట్టింది. ఆమె మన యూనియన్ సభ్యురాలు కాదు, ఐనా రాయాల్సిన మాట గనుక రాస్తున్నాం.

మరి ఆ ఏడుగురి సాంచాలు ఆగాయా? ఆగలేదు. ఆరు సాంచాలు నడిపేవాడిని ఎనిమిది నడపమన్నారు. మీటరు రేటు మాత్రం పైసా పెంచలేదు. తాకాలో పోగు తెగి దాగు పడితే కోత యథాప్రకారం. అంటే మన తెలుగు కార్మికుడి నెత్తి మీద రెండు సాంచాల బరువు అదనంగా పడింది. ఉగ్రవాదం ఎంత తగ్గిందో తెలియదు గాని సేటుకు పగార్ బిల్లు మాత్రం తగ్గింది.

యూనియన్ ఏం చేసిందో కూడా చెప్పాలి. తీసేసిన కార్మికుడికి రెండు పని దినాల్లో లెక్క చెల్లించాలని పాత వేతన చెల్లింపు చట్టం చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా అదే చెబుతోంది. పగార్ తీసుకోవడానికి పోలీసు చిట్టీ కావాలని ఏ కార్మిక చట్టంలోనూ లేదు. ఇదే రాసి లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టాం. నలుగురికి డబ్బు ముట్టింది. ఇద్దరు విసిగి డబ్బు వదులుకుని సొంత ఊళ్లకు పోయారు. మిగిలిన ఒక్కడి లెక్క మీద పేచీ ఇంకా నడుస్తోంది.

ఈ అర్జీ మీదే మన సర్వసభ్య సమావేశంలో మాటా మాటా పెరిగింది. "నిప్పు లేనిదే పొగ వస్తుందా అన్నా? పోలీసులు ఊరికే పట్టుకుపోతారా?" అని కొందరు అడిగారు. "వాళ్ల కోసం అర్జీలు పెడితే రేపు మన పేర్లు కూడా రాసుకుంటారు, పిల్లలున్నవాళ్లం" అని ఇంకొందరన్నారు. అడిగినవాళ్లు చెడ్డవాళ్లు కారు. ఏళ్ల తరబడి చందా కట్టి, సమ్మెల్లో పస్తులున్న మనుషులు. అందుకే కసిరి కూర్చోబెట్టకుండా ఇక్కడ నిదానంగా జవాబు చెబుతున్నాం.

నిప్పు లేనిదే పొగ రాదా? మాలేగావ్ సంగతి చూద్దాం. మనలాంటి సాంచాల ఊరే. అక్కడి చీరలు, ఇక్కడి గ్రే గుడ్డ ఒకే బజార్లో అమ్ముడుపోతాయి. 2006 సెప్టెంబరు 8న, షబ్ఎబరాత్ శుక్రవారం నాడు, అక్కడి పెద్ద ఖబరస్తాన్ దగ్గర నమాజు ముగిసిన వేళ బాంబులు పేలాయి. ముప్పై మందికి పైగా పోయారు. దాదాపు అందరూ ముస్లింలే. ఏటీఎస్ తొమ్మిది మంది ముస్లిం మగవాళ్లను పట్టుకుంది. నిషేధిత సిమీ సంస్థ మనుషులని, పాకిస్తాన్‌తో సంబంధాలున్నాయని, హిందువుల మీద ద్వేషం రగిలించడానికి తమవాళ్లనే చంపుకున్నారని చెప్పింది. టీవీలు నెలల తరబడి అదే పాడాయి.

ఆ తొమ్మిది మందిలో ఒకడు పేలుళ్ల నాటికి వేరే కేసులో ముంబై క్రైమ్ బ్రాంచి కస్టడీలోనే ఉన్నాడు. పోలీసుల చేతిలో ఉన్న మనిషి పోలీసుల లెక్కలో బాంబు కుట్రదారుడయ్యాడు! ఇంకొకడు ఆ రోజు వందల కిలోమీటర్ల దూరంలో యవత్మాల్ జిల్లాలోని ఒక పల్లెలో మసీదులో నమాజు చేయిస్తున్నాడు. అది చూసిన ఊరంతా సాక్షే. ఐనా ఐదేళ్లు జైలు. 2011 నవంబరులో ఏడుగురు బెయిలు మీద బయటికి వచ్చారు. తొమ్మిది మందిలో ఒకతను తీర్పు చూడకుండానే చనిపోయాడు. 2016 ఏప్రిల్‌లో ముంబై ప్రత్యేక కోర్టు, వీళ్లను బలిపశువులను చేశారని చెప్పి కేసు నుంచి వదిలేసింది. ఈలోపు 2013లో ఎన్‌ఐఏ ఇదే పేలుళ్లకు పూర్తిగా వేరే మనుషుల మీద, హిందూ సంస్థలకు చెందినవారంటూ, ఛార్జిషీటు వేసింది.

అదే మాలేగావ్‌లో 2008 సెప్టెంబరు 29న మళ్లీ పేలుడు జరిగి ఆరుగురు పోయారు. ఆ కేసులో హిందూ సంస్థలకు చెందినవారంటూ విచారించిన ఏడుగురినీ 2025 జూలై 31న కోర్టు నిర్దోషులని వదిలేసింది. పదిహేడేళ్లు పట్టింది. ఆ ఏడుగురి విషయంలోనూ మా మాట ఒక్కటే. రుజువు కానిదే నేరస్థుడని అనకూడదు. ఒక మతానికి ఒక కొలబద్ద, ఇంకో మతానికి ఇంకో కొలబద్ద పెట్టుకుంటే అది యూనియన్ కాదు. కాని ఖబరస్తాన్ గోడ పక్కన పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రుల సంగతి ఏమిటి? రెండు పేలుళ్లలో ఇంతవరకు ఒక్కరికీ శిక్ష పడలేదు.

ముంబై రైళ్ల కేసు ఇంకా పెద్దది. మనలో కొందరికి అది సొంత గాయం. 2006 జూలై 11 సాయంత్రం పశ్చిమ రైల్వే లోకల్ బండ్లలో పదకొండు నిమిషాల్లో ఏడు బాంబులు పేలి 180 మందికి పైగా చచ్చిపోయారు. ఏటీఎస్ 13 మందిని విచారణకు నిలబెట్టింది. 2015లో ఒక బడి పంతులును నిర్దోషి అని వదిలారు. అప్పటికి ఆయన తొమ్మిదేళ్లు లోపలే ఉన్నాడు. మిగతా 12 మందిలో ఐదుగురికి ఉరి, ఏడుగురికి యావజ్జీవం వేశారు. ఒకతను 2021లో కరోనాతో నాగపూర్ జైల్లోనే చనిపోయాడు. 2025 జూలై 21న బొంబాయి హైకోర్టు మొత్తం 12 మందినీ నిర్దోషులని ప్రకటించింది. ఏ రకం బాంబులు వాడారో కూడా ప్రాసిక్యూషన్ చూపలేకపోయిందని, ఒప్పుకోలు పత్రాలు కొన్నిచోట్ల ఒకదానికొకటి అచ్చు దింపినట్టు ఉన్నాయని కోర్టు ఎత్తి చూపింది. మూడు రోజులకు సుప్రీంకోర్టు, ఈ తీర్పును మిగతా కేసుల్లో ఆధారంగా చూపరాదని స్టే ఇచ్చింది. బయటికి వచ్చినవాళ్లు మళ్లీ జైలుకు పోనక్కర లేదని కూడా అన్నది.

ఇందులో మనం పట్టించుకోవాల్సిన ముచ్చట ఇంకొకటి ఉంది. 2008లో ముంబై క్రైమ్ బ్రాంచి ఇండియన్ ముజాహిదీన్ వాళ్లను పట్టుకున్నప్పుడు, రైళ్లలో బాంబులు పెట్టింది మేమేనని వాళ్లు చెప్పినట్టు బయటికి వచ్చింది. ఒకే ఊరి పోలీసుల్లో రెండు విభాగాలు, ఒకే పేలుళ్లకు రెండు కథలు. ఏటీఎస్ కథ నిజమైతే క్రైమ్ బ్రాంచి కథ అబద్ధం. క్రైమ్ బ్రాంచి కథ నిజమైతే పన్నెండు మంది ఏళ్ల తరబడి ఊరికే జైల్లో ఉన్నారు. బండిలో నలిగిపోయిన 180 మందికి రెండు కథలతోనూ న్యాయం దక్కలేదు. నిప్పు ఉన్నమాట నిజమే. కాని నిప్పు పెట్టినవాడు ఒకడు, పొగలో ఊపిరాడక పోయినవాడు ఇంకొకడు.

ఇది మహారాష్ట్ర పోలీసుల జబ్బే అనుకోకండి. మన బంధువులు సగం మంది ఉన్న హైదరాబాద్‌లో 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. తర్వాత పదుల కొద్దీ ముస్లిం కుర్రాళ్లను పట్టుకుపోయి కొట్టారు. ఆ హింసను రాష్ట్ర మైనారిటీ కమిషన్ నియమించిన న్యాయవాది విచారించి నివేదిక ఇచ్చాడు. కోర్టు వాళ్లను వదిలేశాక, 2012లో ప్రభుత్వమే కొందరికి మూడేసి లక్షలు, మరికొందరికి ఇరవై వేలు పరిహారమూ, సత్ప్రవర్తన పత్రాలూ ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదని కొట్టేసింది. ఇచ్చింది తిరిగి కట్టమన్నారు! ఆటో నడుపుకునేవాడు మూడు లక్షలు ఎక్కడి నుంచి తెస్తాడో ఎవరూ చెప్పలేదు.

ఇక మన భివండి. 1970 మే 7 అల్లర్ల నాటికి మనలో చాలామంది పుట్టనైనా లేదు, ఐనా ఆ కథలు అందరి ఇళ్లలో ఉన్నాయి. డెబ్బై మందికి పైగా చనిపోయారు. దాని మీద జస్టిస్ మదన్ కమిషన్ వేశారు. అల్లర్ల తర్వాత కేసులు పరిశోధించడానికి వేసిన ప్రత్యేక పోలీసు దళం మతపక్షపాతంతో నడిచిందని, ముస్లింల మీద తప్పుడు కేసులు అల్లిందని ఆ కమిషనే తేల్చింది. ఈ మాట అన్నది ఏ ముస్లిం సంస్థో కాదు, హైకోర్టు జడ్జి. పోలీసుల మాట మీద ఊరంతా రెండుగా చీలిపోయి, చీలినచోటే 1984లో మళ్లీ తగలబడింది. అప్పుడు కాలిన కార్ఖానాల్లో మనవాళ్లవీ ఉన్నాయి, అన్సారీలవీ ఉన్నాయి. బూడిదను ఊడ్చింది మాత్రం రెండు మతాల కూలీలే.

ఇంత చెప్పి, యువకులను తీవ్రవాదంలోకి లాగేవాళ్లు ఎవరూ లేరని అంటే మేమే అబద్ధమాడినట్టు. ఉన్నారు. 2014 మేలో మన పక్కనున్న కళ్యాణ్ నుంచి నలుగురు కుర్రాళ్లు తీర్థయాత్ర బృందంతో బాగ్దాద్ పోయి ఐసిస్‌లో కలిశారు. ఒకడు ఆ నవంబరులో తిరిగి వచ్చి అరెస్టయ్యాడు. వాళ్లు మన సాంచాల మీద పనిచేసే పిల్లలు కారు, చదువుకున్న ఇళ్లవాళ్లు. కొడుకు కనపడటం లేదని పోలీసుల దగ్గరికి పరుగెత్తింది కన్నవాళ్లే. 2015 డిసెంబరులో పుణెలో పదహారేళ్ల అమ్మాయిని ఐసిస్ వాళ్లు ఇంటర్నెట్‌లో వలవేసి పట్టుకున్నారని ఏటీఎస్‌కు తెలిసింది. ఆ పిల్లను జైల్లో వేయలేదు. ఇంటివాళ్లను, మతపెద్దలను కూర్చోబెట్టుకుని నచ్చజెప్పి మనసు తిప్పారు. ఇది మంచి పనే, ఒప్పుకుంటాం. అదే ఏటీఎస్, అదే రాష్ట్రం.

తండ్రి తన కొడుకు గురించి ఠాణాకు వెళ్లి చెప్పాలంటే, చెబితే పిల్లవాడు దక్కుతాడన్న నమ్మకం ఉండాలి. మాలేగావ్ తొమ్మిది మంది కథ ప్రతి ముస్లిం ఇంట్లో చెప్పుకుంటారు. ఆ కథ విన్న తండ్రి నోరు విప్పుతాడా? తప్పుడు కేసు ఒక్కటి పెట్టినప్పుడల్లా నిజమైన వలగాడికి ఒక తలుపు తెరుచుకుంటుంది. "చూశావా, వీళ్లు నిన్నెప్పుడూ మనిషిగా చూడరు" అని వాడు చెప్పే మాటకు సాక్ష్యం దొరుకుతుంది. సేటు గేటు దగ్గర ఆపిన ఆ ఏడుగురిలో ఇద్దరికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

"రేపు మనల్నీ లాగుతారు" అన్న భయం సంగతికి వద్దాం. ఆ భయం నిజమైనదే. కాని తోటివాడిని వదిలేస్తే తప్పించుకోవచ్చనుకోవడం ఉత్త భ్రమ. 1928లో ముంబై మిల్లు కార్మికులు ఆరు నెలలు సమ్మె చేశారు. మరుసటి ఏడు మార్చి 20న డాంగే, మిరజ్‌కర్, ఘాటే, జోగ్లేకర్ వంటి నాయకులను మీరట్ కుట్ర కేసులో పట్టుకుపోయారు. మాస్కో మాట విని, చక్రవర్తి నుంచి హిందూదేశాన్ని ఊడబెరకడానికి జనాన్ని చేర్చుకుంటున్నారని ఆరోపణ. ముజఫర్ అహ్మద్, షౌకత్ ఉస్మానీ కూడా అందులో నిందితులే. నాలుగేళ్లకు పైగా సాగిన ఆ కేసు 1933 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టుకు వచ్చేసరికి, కొందరు నిర్దోషులై బయటపడ్డారు, మిగతావాళ్ల శిక్షలు బాగా తగ్గాయి. ఐతే ఆ నాలుగేళ్లు మిల్లుల్లో యూనియన్ నాయకులు లేరు. సర్కారుకు కావలసింది అదే.

మన తెలుగువాళ్లకు షోలాపూర్ పుట్టిల్లు లాంటిది. అక్కడి నలుగురికి 1931 జనవరి 12న యెరవాడ జైల్లో ఉరి వేశారు. మల్లప్ప ధనశెట్టి, శ్రీకృష్ణ సారడా, జగన్నాథ్ షిండే, కుర్బాన్ హుస్సేన్. ఆ ముందు ఏడు మే నెల అల్లర్లలో ఇద్దరు పోలీసులను చంపారన్నది నేరం. ఊరు ఊరంతా అది అబద్ధపు కేసు అన్నది. కుర్బాన్ హుస్సేన్‌కు నిండా పాతికేళ్లు లేవు. పత్రిక నడుపుతూ, మిల్లు కార్మికుల మధ్య పనిచేసిన ముస్లిం కుర్రాడు. నేటి టీవీ భాషలో రాస్తే అతన్ని ఏమంటారో మీరే ఊహించుకోండి. షోలాపూర్ చౌక్‌లో ఆ నలుగురి విగ్రహాల ముందు మన తెలుగువాళ్లు ప్రతి ఏడూ దండలు వేస్తూనే ఉన్నారు.

అది తెల్లవాళ్ల కాలం అంటారేమో. 2018 జనవరిలో ముంబైలో ఒక విద్యుత్ కంపెనీలో పనిచేసే తెలంగాణ కార్మికులను, యూనియన్‌లో చురుగ్గా ఉండేవాళ్లను, మావోయిస్టులంటూ ఏటీఎస్ ఉపా చట్టం కింద అరెస్టు చేసింది. పేరులో ఖాన్ లేకపోయినా, ఊరు నల్గొండ ఐనా అదే ఖైదు. ఉపా చట్టానికి 2008లో చేసిన సవరణతో ఛార్జిషీటు వేయడానికి పోలీసులకు 180 రోజులు దొరుకుతాయి. ఆరోపణ పైకి నిజమనిపిస్తే చాలు, బెయిలు ఇవ్వకూడదన్న షరతు ఉంది. 1999 నాటి మకోకా చట్టంలోనైతే ఎస్పీ స్థాయి అధికారి ముందు చెప్పినట్టు రాసిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యం అవుతుంది. మామూలు దొంగతనం కేసులో చెల్లని కాగితం అక్కడ ఉరిదాకా తీసుకుపోగలదు. పట్టణ నక్సలైట్ల పేరు చెప్పి మన రాష్ట్ర శాసనసభ, మండలి 2025 జూలైలో ప్రత్యేక ప్రజా భద్రతా బిల్లును ఆమోదించాయి. సమ్మె పిలుపును ఎవరు ఎలా అర్థం చేసుకుంటారో అన్న బెంగ యూనియన్లన్నింటికీ ఉంది. ముస్లిం కుర్రాడి మీద పదును పెట్టిన కత్తిని రేపు జాబరు మీద, బీము ఎక్కించేవాడి మీద వాడలేరని హామీ ఎవరూ ఇవ్వలేదు.

మరి ఎవరైనా మిమ్మల్ని గాని, మీ పక్క సాంచా మనిషిని గాని పిలిస్తే ఏం చేయాలి? పరుగెత్తవద్దు. దాక్కోవద్దు. విచారణకు రమ్మంటే రాతపూర్వకంగా నోటీసు అడగండి. అరెస్టు చేస్తే ఎందుకు చేస్తున్నారో కాగితం మీద ఇవ్వాలని, ఉపా కేసుల్లో కూడా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 మేలో చెప్పింది. అరెస్టు మెమో మీద ఇంటివాళ్లో ఇరుగుపొరుగువారో సాక్షి సంతకం చేయాలి, బంధువుకు కబురు చేయాలి. ఇది 1996 డి.కె.బసు తీర్పు. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తీసుకుపోవాలి, వకీలును కలవనివ్వాలి. ఇది రాజ్యాంగం. రాయని కాగితం మీద, చదవని కాగితం మీద సంతకం పెట్టవద్దు. మరాఠీ చదవడం రాకపోతే రాదని చెప్పండి, చదివించుకోండి. కొత్తగా వచ్చిన పిల్లలు సిగ్గుపడి సంతకం పెట్టేస్తున్నారు.

అలాగే ఎవరైనా కుర్రాడిని చెడు దారిలోకి లాగుతున్నారని, ఏ మతం పేరుతోనైనా సరే, ఆయుధాల మాటలు చెబుతున్నారని మీకు నిజంగా తెలిస్తే మౌనంగా ఉండవద్దు. ముందు ఆ పిల్లవాడి ఇంటి పెద్దలకు చెప్పండి. యూనియన్ ఆఫీసుకు రండి, ఠాణాకు మేమూ తోడుగా వస్తాం. గడ్డం పెంచాడని, నమాజుకు పోతున్నాడని, ఉర్దూ పుస్తకం చదువుతున్నాడని వచ్చి చెప్పేవాళ్లకు మాత్రం టీ ఇచ్చి పంపిస్తాం.

పోలీసు అధికారులకు కూడా ఒక మాట. మీ ఇంటి దగ్గరే మంచి దారి ఉంది. 1988లో డీసీపీగా ఇక్కడికి వచ్చిన సురేశ్ ఖోపడే గారు ప్రతి వాడలో మొహల్లా కమిటీలు పెట్టారు. హిందువులు, ముస్లింలు సమానంగా కూర్చున్నారు. కానిస్టేబులు కూడా అదే బల్ల మీద కూర్చుని చాయ్ తాగాడు. నల్లా దగ్గర తగాదా నుంచి పెళ్లి ఊరేగింపు దారి దాకా అక్కడే మాట్లాడుకున్నారు. 1992 డిసెంబరు, 1993 జనవరిలో ముంబై మండిపోతుంటే, అంతకుముందు రెండుసార్లు కాలిన భివండి మాత్రం నిలబడింది. మన యూనియన్ పెద్దలు ఆ రాత్రుళ్లు అన్సారీ సేట్ల మనుషులతో కలిసి గల్లీ మొగల్లో కాపలా కాశారు. ఆ కమిటీలకు తుపాకులు లేవు, ఉపా లేదు. ఎవరి కొడుకు ఎక్కడ తిరుగుతున్నాడో మాత్రం వాళ్లకు తెలిసేది, ఎందుకంటే చెప్పేవాళ్లు భయపడేవాళ్లు కారు.

ఆ కమిటీలను మళ్లీ పూర్తి స్థాయిలో నడపమని, ప్రతి దానిలో సాంచా కార్మికులకు చోటివ్వమని డీసీపీ కార్యాలయానికి వినతిపత్రం రాస్తున్నాం. అందులో పేర్లు ఇవ్వాలి. పద్మనగర్, కామత్‌ఘర్, శాంతినగర్, గైబీనగర్ వాడల సభ్యులు ఒక్కో గల్లీ నుంచి ఇద్దరి పేర్లు, ఒకరు తెలుగువారు, ఒకరు ముస్లిం, వచ్చే సర్వసభ్య సమావేశానికి ముందే ఆఫీసులో రాయించండి. కండెలు చుట్టే ఆడవాళ్ల పేర్లు కూడా రాయించండి, వాడలో ఎవరింట్లో ఏం జరుగుతున్నదో మగవాళ్లకంటే వాళ్లకే ముందు తెలుస్తుంది. పగార్ బాకీ ఉన్న ఆ ఏడో కార్మికుడి పేచీ మీద లేబర్ ఆఫీసరు మళ్లీ పిలిచినప్పుడు ఆ కార్ఖానాలో పనిచేసే తెలుగు కార్మికులు కనీసం పది మంది అక్కడికి రావాలి. ఆ రోజు పోయే కూలిని యూనియన్ నిధి నుంచి ఇస్తాం.

కార్యదర్శి, యూనియన్ కార్యవర్గం తరఫున